నీళ్ళకంటే ముందు ఏం జరిగింది

కువైటు,
శుక్రవారం.

ప్రేమగల అమ్మకు,

నీ కూతురు సుగుణ వందనాలు. దేవుని దయవల్ల నా ఒంట్లో బాగానే ఉంది, అన్నం సహిస్తోంది, నిద్ర పడుతోంది, నా గురించి నీకు ఏ బెంగా అక్కర్లేదు. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? నేను పంపిన నూనె రాసుకుంటున్నావా, లేక అడిగినవాళ్ళందరికీ తలా కాస్త పోసేసి ఖాళీ సీసా కడిగి దాచుకున్నావా? నీ సంగతి నాకు తెలుసు. తమ్ముడు ప్రసాదు జగ్గయ్యపేట కాలేజీకి రోజూ వెళ్తున్నాడా? బస్సు తప్పిపోయిందని వారానికి రెండు రోజులు చిల్లకల్లు సెంటర్లో నిలబడుతున్నాడని నాకు ఇక్కడికి కూడా తెలిసింది. ఎలా తెలిసిందని అడగొద్దు.

నీ క్యాసెట్టు అందింది. నీ గొంతు వినగానే ఏడుపొచ్చింది, తర్వాత వెనకాల మన కోడి అరుపు కూడా పడితే నవ్వొచ్చింది. నేను ఈసారి క్యాసెట్టు చేయకుండా ఉత్తరం రాస్తున్నానేమిటని అనుకుంటావు. నేనంపిన టేపురికార్డరు బయటికి తీశావంటే పేట మొత్తం మన వాకిట్లోకి వచ్చి కూర్చుంటుంది. క్షేమ సమాచారాలైతే ఎంతమంది విన్నా ఫరవాలేదు. ఇది ఇంటి మాట. కాబట్టి ప్రసాదూ, ఇది చదివేది నువ్వే కదా, తలుపు దగ్గరగా వేసి, అమ్మను మంచం మీద కూర్చోబెట్టి నెమ్మదిగా చదువు. మధ్యలో అమ్మ కేకలేస్తుంది. వెయ్యనివ్వు. నువ్వు మాత్రం ఆపకు, ఒక్క ముక్క కూడా దాటెయ్యకు.

ముందు ఇక్కడి సంగతులు చెప్తాను. ఇప్పుడు నన్ను మగవాళ్ళ వార్డులో వేశారు. పని ఎక్కువే గానీ నాకు అలవాటైపోయింది. అరబ్బీ కూడా కాస్త వచ్చింది, నొప్పి ఎక్కడ, మందు వేసుకో, కదలకు, ఈ మూడూ వస్తే నర్సుకు చాలు. పోయిన వారం దుమ్ముగాలి లేచింది. కిటికీలకు తడిగుడ్డలు కట్టినా పళ్ళ సందుల్లో ఇసుక కరకరలాడింది. తిండికి లోటు లేదు. ఇక్కడి రొట్టె పెద్ద చేటంత ఉంటుంది, వేడిగా ఉన్నప్పుడు తింటే బాగుంటుంది, చల్లారితే తోలే. గోంగూర పచ్చడి అయిపోయింది. ఆఖరికి సీసాలో అన్నం వేసి కలిపి అది కూడా తిన్నాను. వత్సవాయి వైపు నుంచి ఎవరైనా వస్తుంటే కాస్త పచ్చడీ, ఎండుమిరపకాయలూ పంపు. మిరపకాయలు విడిగా మూట కట్టు, కిందటిసారి బట్టలన్నీ ఘాటెక్కాయి.

అమ్మా, నిజం చెప్పాలంటే నాకు పని ఉన్న రోజులు బాగానే ఉంటాయి. శుక్రవారం సెలవు. ఆ సెలవంటేనే భయంగా ఉండేది. చేతిలో పని లేకపోతే నాన్న గుర్తొస్తాడు. ఆయన పోయిన కబురు నాకు చేరేసరికి నెల దాటింది. మీరంతా ఏడ్చి, మట్టి చేసి, మళ్ళీ పనుల్లో పడ్డాక నేను ఒక్కదాన్నే ఇక్కడ మొదలుపెట్టి ఏడవాల్సి వచ్చింది. ఎవరి భుజం మీద ఏడవాలో తెలియలేదు.

అది చూసి మా వార్డు పెద్ద సిస్టరు మార్గరెట్ నన్నూ, నా గదిలో ఉండే మలయాళీ అమ్మాయి లీలనూ శుక్రవారాలు వాళ్ళింటికి రమ్మనడం మొదలుపెట్టింది. ఆమెది ఇంగ్లండు. ఆమె భర్త ఇయన్ మా ఆసుపత్రిలోనే ఎక్స్‌రేలు తీస్తాడు. మంచి మనుషులు. పొద్దున వెళ్తాం, టీ ఇస్తారు, బిస్కట్లు పెడతారు, అందరం బల్ల చుట్టూ కూర్చుని ఒక ఆట ఆడతాం. ఆ ఆట గురించి చెప్తాను, శ్రద్ధగా విను. ఈ ఉత్తరం రాయడానికి అదే కారణం.

క్రిస్మస్‌కు మన పేటలో నాటకం వేస్తారు కదా. ఇదీ నాటకమే, కానీ వేషం కట్టరు, రంగు పూసుకోరు, మాటలు ముందుగా బట్టీ పట్టరు. కూర్చున్నచోటే నేను ఫలానా మనిషిని అనుకోవాలి. ఇయన్ కథ చెప్తుంటాడు, అడవిలో ఉన్నారు, ఎదురుగా గుహ ఉంది, ఏం చేస్తారు అని. మేం చెప్పినదాన్ని బట్టి కథ ముందుకు పోతుంది. మనం అష్టాచెమ్మాకు గవ్వలు వేసినట్టు వీళ్ళు పాచికలు వేస్తారు, ఒక్కో పాచికకు ఇరవై ముఖాలు. మార్గరెట్ కత్తి పట్టిన సిపాయి. లీల తాళాలు తీసే దొంగ. వార్డులో దూది ఉండ కావాలన్నా అడక్కుండా తీయని పిల్ల, ఇక్కడ కూర్చుంటే కనపడిన పెట్టెనల్లా తెరుస్తుంది. నేను భోజనానికి ముందు కళ్ళు మూసుకుంటానని నాకు దేవుని మనిషి వేషం ఇచ్చారు.

దేవుని మనిషికి ఆ ఆటలో ఒక శక్తి ఉంది. చచ్చినవాళ్ళ చేత మాట్లాడించవచ్చు.

అదుగో, అప్పుడే నీ ముఖం నాకు కనపడుతోంది. నేనూ ముందు వద్దనే అన్నాను. చచ్చినవాళ్ళను విచారించకూడదని మా పాస్టరు గారు చెప్తారు, నాకు ఆ వేషం వద్దు అన్నాను. ఇయన్ నవ్వి, "ఇక్కడ శవమూ నేనే, జవాబు చెప్పేదీ నేనే. నన్ను అడగడానికి నీకేం అభ్యంతరం?" అన్నాడు. సరే, ఇంటికి పిలిచి టీ ఇస్తున్న మనిషి శవమైతే తప్పేముందిలే అని ఒప్పుకున్నాను. అయినా కీసర వెళ్ళి సోదె అడిగివచ్చిన నువ్వు నన్ను తిట్టడానికి లేదు. నువ్వు వెళ్ళినట్టు పాస్టరు గారికి నేను చెప్పనులే.

ఆ శక్తికి కొన్ని షరతులున్నాయి. శవాన్ని మూడే ప్రశ్నలు అడగాలి. చచ్చినవాడికి బతికుండగా ఏం తెలుసో అదే తెలుస్తుంది. పోయాడు కదా అని లోకంలో ఉన్నదంతా కొత్తగా తెలిసిపోదు. అడిగినదానికే జవాబు చెప్తాడు, అడగనిది తనంతట తాను చెప్పడు. చెప్పేది కూడా ముక్తసరిగా ఒక మాట.

ఒక శుక్రవారం కథలో మేం ఏటి ఒడ్డున ఒక ఊరికి చేరాం. అక్కడ ఉప్పు గోదాం కాపలావాడు మెట్లమీద చచ్చిపడి ఉన్నాడు. గాయం లేదు, నెత్తురు లేదు. ఊరివాళ్ళంతా మా చుట్టూ మూగి న్యాయం చెప్పమన్నారు. నాకు మహా ఉత్సాహం వచ్చింది. పాచిక వేశాను, పెద్ద సంఖ్య పడింది, శవం లేచి కూర్చుంది. అంటే ఇయన్ కళ్ళు మూసుకుని గొంతు బొంగురు చేశాడన్నమాట.

"నిన్ను చంపింది ఎవరు?" అన్నాను.

"లాంతరు పట్టుకున్నవాడు."

"వాడెవరు?"

"పడవ నడిపే ముసలాయన."

"ఎందుకు చంపాడు?"

"తెలియదు."

ఇంకేం, ముసలాయన్ని పట్టుకున్నాం. "నేను వచ్చేసరికే అతను పడి ఉన్నాడు, ముఖం మీద లాంతరు పెట్టి పేరు పెట్టి పిలిచాను, అంతే బాబూ" అని ముసలాయన మొత్తుకున్నాడు. దొరికినవాళ్ళందరూ అలాగే అంటారు, చచ్చినవాడు అబద్ధం చెప్తాడా అన్నాను నేను. ఊరివాళ్ళు అతని పడవ తగలబెట్టారు. ఇంక అతనితో ఎవరూ ఏరు దాటరని తీర్పు అయింది. మేం ముగ్గురం గెలిచామని ఇంకో కప్పు టీ తాగి, నవ్వుకుంటూ హాస్టలుకు వచ్చాం.

తర్వాతి శుక్రవారం లీల ఊరుకోక ఆ ఉప్పు గోదాం తాళం తీసింది. బస్తాల మధ్య ఒక విషప్పురుగు ఉంది. పెద్దది, పాములాంటిది. కాపలావాణ్ణి కరిచింది అదే. మడమ మీద చిన్న గాటు, మేం చెప్పులు విప్పి చూడనే లేదు. ముసలాయన నిజంగానే సాయానికి వచ్చాడు. అతని కోసం వెతికాం. ఊరొదిలి పోయాడు, ఎటు పోయాడో ఎవరికీ తెలియదు అన్నాడు ఇయన్.

నాకు రోషం వచ్చింది. "అయితే శవం అబద్ధం చెప్పింది. నీ షరతు నువ్వే తప్పావు" అని ఇయన్ మీద ఎగిరాను.

"తప్పలేదు" అన్నాడు ఆయన. "చీకట్లో ఏదో కరిచింది, ఏం కరిచిందో అతనికి తెలియదు. కళ్ళు మూతలు పడుతుంటే లాంతరు వెలుగులో ముసలాయన ముఖం కనపడింది. వీడే నన్నేదో చేశాడనుకుంటూ పోయాడు. అతనికి తెలిసింది అతను చెప్పాడు. నువ్వు నిన్ను చంపింది ఎవరని అడిగావు సుగుణా. అసలు నిన్నెవరైనా చంపారా అని అడగలేదు."

నేను అడిగాను, "నా చోట నువ్వుంటే ఏం అడిగేవాడివి?"

"లాంతరు కంటే ముందు ఏం జరిగిందని అడిగేవాణ్ణి" అన్నాడు.

నా చేతిలో కప్పు కింద పెట్టేశాను. తల నొప్పిగా ఉందని చెప్పి వచ్చేశాను. దారి పొడవునా నాకు ఒకటే మాట, నీళ్ళ కంటే ముందు ఏం జరిగింది, నీళ్ళ కంటే ముందు ఏం జరిగింది అని. గదికి రాగానే నీ క్యాసెట్టు పెట్టి మొదటినుంచీ మళ్ళీ విన్నాను. మొదటిసారి విన్నప్పుడు ఏడుస్తూ విన్నాను కాబట్టి నాకేమీ చెవికెక్కలేదు. ఈసారి నర్సులాగా విన్నాను.

అమ్మా, నువ్వు చెప్పినదే నీకు మళ్ళీ చెప్తాను, తేడా ఉంటే నన్నడుగు. నాన్న పొద్దున్నుంచీ పత్తికి మందు కొడుతున్నాడు. మాణిక్యం పిన్ని ఎప్పటిలాగే బిందె చంకన పెట్టుకుని కూలి ముఠాకు మంచినీళ్ళు మోస్తోంది. మధ్యాహ్నం నాన్న గట్టుమీద కూలబడి నీళ్ళడిగాడు. పిన్ని ఆయన తల పట్టుకుని చెంబుతో తాగించింది. తాగాడు, పడిపోయాడు. ట్రాక్టరు మీద జగ్గయ్యపేట తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. నోట్లో నురగ, చొక్కా పిండితే నీళ్ళు కారేంత చెమట. అంతకు నాలుగు రోజుల ముందే చేతిపంపు దగ్గర బిందెల వరస గురించి నీకూ పిన్నికీ జుట్లు పట్టుకునేంత తగాదా అయింది. నాన్నను మట్టి చేశాక నువ్వు బస్సెక్కి కీసర వెళ్ళావు, మునేరు అవతల సోదె చెప్పే ఆవిడ దగ్గరికి. చేటలో బియ్యం పోసి కూర్చున్నావు.

నువ్వు అడిగిన మొదటి మాట క్యాసెట్టులో నీ గొంతుతోనే ఉంది. "నిన్ను పొట్టన పెట్టుకుంది ఎవరయ్యా అని అడిగా."

చూశావా. నేను అడిగిన ప్రశ్నే నువ్వూ అడిగావు.

ఆ తర్వాత నువ్వు చెప్పింది కూడా అలాగే రాస్తున్నా. "చెయ్యి కనపడతంది అందే ఆవిడ. నేను ఊ అన్నా. ఆడ చెయ్యి అంది. ఊ అన్నా. తడి చెయ్యి అంది. ఇంకేం కావాలి, గట్టిగా ఊ అన్నా. బయటిదా ఇంటిదా అంది. ఇంటిదే తల్లీ, ఇంటిదే అన్నా. అప్పుడు మీ నాన్న వచ్చి భోరున ఏడ్చాడే. తోడికోడలే అని చెప్పాడు."

అమ్మా, పిన్ని పేరు ఆవిడకు ఎవరిచ్చారు? ఆవిడ ఒక్కో మాట విసరడం, నువ్వు ఊ కొట్టడం. ఏ మాటకు నీ ఊ గట్టిగా పడితే ఆవిడ అటే నడిచింది. కీసర బస్సు ఎక్కేటప్పటికే నీ కడుపులో పిన్ని పేరు ఉంది. ఆవిడ దాన్ని తీసి నీ చేతికిచ్చింది.

నువ్విప్పుడు నన్ను అంటావు, నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చేసరికి మీ నాన్న రాలేదంటావా అని. నేను అనను. వచ్చింది నాన్నో కాదో నేను తేల్చను. నాన్నే వచ్చాడనుకుందాం. అయినా ఆయనకు తెలిసింది ఎంత? బతికుండగా ఆయన ఏమనేవాడో నీకు గుర్తు లేదా? మందు వాసనకు నేను ముక్కు మూసుకుంటే, "అది పురుగులకే, మనల్నేం చేస్తది" అనేవాడు. మోచేతి దాకా బకెట్లో పెట్టి కలిపేవాడు. ఆ చేత్తోనే చుట్ట వెలిగించుకునేవాడు. గాలి ఎటున్నా సాలు ఎటుంటే అటే పోయేవాడు. మందు మనిషిని చంపుతుందని ఆయనకు బతికుండగా తెలియదు. తెలియనిది చచ్చాక ఎక్కడినుంచి చెప్తాడు? ఆఖరున ఆయన కంటికి కనపడింది చెంబు పట్టుకున్న పిన్ని. అంతే.

ఇప్పుడు అసలు మాట. క్యాసెట్టు రెండో వైపు, ఆఖరున, పిన్నిని వెక్కిరిస్తూ నువ్వన్న మాట ఉంది చూడు. "పైగా అదేమంటదో తెలుసా? నీళ్ళు తాగకముందే మీ నాన్న, మబ్బేసిందేంటి మాణిక్యం, ఏం కనపడట్లేదు అన్నాడంట. ఎర్రటెండలో మబ్బేంటే? అబద్ధమాడినా అతికినట్టుండాలి."

ఆ మాట వినగానే నేను టేపు ఆపేసి గోడకు ఆనుకుని కూర్చున్నాను.

అమ్మా, ఇక్కడ కూడా తోటలున్నాయి. మందు కొట్టే కూలీలు మా వార్డుకు వస్తుంటారు. పురుగుమందు ఒంటికి పడితే మొదట కంటిపాప ముడుచుకుపోతుంది, ఆవగింజంత అవుతుంది. పట్టపగలు లైటు వేయమంటారు. పొద్దుపోయిందా అని అడుగుతారు. తర్వాత చెమట, చొంగ, నురగ. నా చేతులతో నేను టార్చిలైటు వేసి ఎన్ని కళ్ళు చూశానో. నాన్న ఎర్రటెండలో మబ్బేసిందా అని అడిగాడంటే అప్పటికే మందు ఆయన కళ్ళకెక్కింది. ఒళ్ళు తేడా చేసింది కాబట్టే గట్టుమీద కూర్చున్నాడు, అందుకే నీళ్ళడిగాడు. నీళ్ళు తాగి జబ్బు పడలేదు అమ్మా, జబ్బు పడి నీళ్ళు తాగాడు.

ఈ మాట పిన్ని కల్పించలేదు. చదువులేని పిన్నికి కంటిపాప సంగతి ఎలా తెలుస్తుంది? అబద్ధం ఆడదలుచుకుంటే నువ్వన్నట్టు అతికేదే ఆడేది. అతకని మాట చెప్పిందంటే అది జరిగింది కాబట్టే చెప్పింది. నువ్వు దాన్ని అబద్ధానికి రుజువు అనుకున్నావు. నిజానికి అంతకంటే గట్టి రుజువు లేదు. నామీద నమ్మకం లేకపోతే ముఠా మేస్త్రి కోటయ్య మామను అడుగు. ఆయన ఆ గట్టుమీదే ఉన్నాడు, ఆయన చెవికి కూడా పడి ఉంటుంది. అదే బిందె నీళ్ళు ముఠా అంతా తాగింది, ఆయనా తాగాడు. చెంబులో కలిపిందేమో అంటావా? మబ్బు మాట చెంబు కంటే ముందుది.

పోయినవాణ్ణి అడగడానికి కీసర దాకా వెళ్ళావు. గోడ అవతల బతికున్న పిన్నిని మాత్రం కూర్చోబెట్టి, ఏం జరిగిందే అని ఎవరూ అడగలేదు.

నీ మీద నాకు కోపం లేదు. చెయ్యెత్తు మనిషి పొద్దున గంజి తాగి వెళ్ళి సాయంత్రానికి లేకపోతే ఎవర్నో ఒకర్ని తిట్టకుండా ఎవరుంటారు? మందును తిట్టలేం, దానికి ముఖం లేదు. పిన్నికి ముఖం ఉంది, అప్పటికే దానిమీద నీకు కోపం ఉంది. నేను అక్కడుంటే నేనూ నీతో బస్సెక్కేదాన్నేమో.

కానీ ఆవిడ గతి ఏమైందో నువ్వే చెప్పావు. ఆ చేతి నీళ్ళు మేం తాగం అని ముఠావాళ్ళు అన్నారని మేస్త్రి పిన్నిని పనిలోంచి తీసేశాడు. వత్సవాయిలో ఇంకో ముఠా కూడా పిలవడం లేదు. చిన్నాన్న కాలు విరిగినప్పటినుంచీ ఆ ఇంట్లో పనికి పోయే మనిషి ఆవిడ ఒక్కతే. చర్చిలో ప్రేమవిందుకు అన్నం వండేది ఎప్పుడూ ఆవిడే, ఈసారి గరిటె ముట్టనివ్వలేదటగా. ఆ మాట నువ్వు క్యాసెట్టులో సంతోషంగా చెప్పావు. నాకు మాత్రం పడవ తగలబెట్టించిన నా ఆట గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ ముసలాయన ఇయన్ నోట్లోంచి పుట్టిన మనిషి, ఊరొదిలి పోయినా ఎవరికీ నష్టం లేదు. పిన్ని నిజం మనిషి. ఆవిడ ఊరొదిలిపోతే మనం వెతికి తెచ్చుకోలేం.

ఇంకొకటి, ఇది ప్రసాదు చెవికి. సెలవుల్లో నాన్న పంపు భుజానికేసుకుని మందు కొట్టడానికి పోతానని రాశావు. ఎందుకంత ధైర్యం నీకు? నాన్నను పిన్ని చంపింది, మందు కాదు అని నమ్మావు కాబట్టి. అమ్మా, చూశావా తప్పు పేరు పట్టుకుంటే ఎంతదాకా వస్తుందో. ఆ పంపు ముట్టుకున్నావంటే ఒరేయ్, నేను విమానం ఎక్కి వచ్చి మరీ తంతాను. పుస్తకాలు ముందు పెట్టుకో. ఇంటి సంగతి నేను చూసుకుంటాను. నాకు ఉద్యోగం గట్టిగానే ఉంది, చేతుల్లో సత్తువ ఉంది, ఇంకో నాలుగేళ్ళు నేను మిమ్మల్ని ఎవరి ముందూ చెయ్యి చాపనివ్వను.

నా ఆరోగ్యం గురించి మళ్ళీ చెప్తున్నా, బాగానే ఉన్నాను. ఆట మానలేదు. ఇప్పుడు శవం కనపడితే లీల నన్ను ఆటపట్టిస్తుంది, ముందు చెప్పులు విప్పి చూడవే అని. నేను నిజంగానే చూస్తున్నాను. చచ్చినవాణ్ణి లేపే ముందు ఊళ్ళో బతికున్న ప్రతి మనిషినీ అడుగుతున్నాను, ఇయన్‌కు విసుగొచ్చేంత. సగంసార్లు శవంతో పనే పడటం లేదు.

అమ్మా, ఇప్పుడు నువ్వు చేయవలసింది చెప్తాను. ఈ ఉత్తరం అందాక వచ్చే మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక, అందరూ బయటికి వస్తున్నప్పుడు, నువ్వు మనింటికి వెళ్ళొద్దు. తిన్నగా పిన్ని వాకిట్లోకి వెళ్ళు. క్షమించమని అడగడం నీ నోటికి రాదని నాకు తెలుసు, అడగక్కర్లేదు. అరుగు మీద కూర్చుని, "మాణిక్యం, దాహమేస్తంది, కాసిని మంచినీళ్ళియ్యి" అను. ఇచ్చినవి అక్కడే, పదిమంది చూస్తుండగా, చెంబు ఖాళీ అయ్యేదాకా తాగు. ఆ తర్వాత ఏ ముఠా ఆవిడను వద్దంటుందో నేను చూస్తాను. భార్యవు నువ్వే తాగాక ఇంక మాట్లాడే హక్కు ఎవరికుంది?

నువ్వు వెనకాడతావని నాకు తెలుసు. రేపు చూద్దాం, వచ్చే వారం చూద్దాం అంటావు. అందుకే ఈ రోజే పిన్నికి కూడా ఒక ఉత్తరం రాసి ఈ ఉత్తరంతోపాటే పోస్టు చేస్తున్నాను. "పిన్నీ, ఈ ఉత్తరం అందాక వచ్చే మొదటి ఆదివారం అమ్మ మీ ఇంటికి వచ్చి నీళ్ళడుగుతుంది, ఇవ్వు" అని రాశాను. అది చదివించుకుని ఆవిడ ఆ రోజు బిందె తోమి, చెంబు తోమి, వాకిలి ఊడ్చి కూర్చుంటుంది. నువ్వు వెళ్ళకపోతే ఆవిడ ఎదురుచూస్తూనే ఉంటుంది.

చిన్నాన్నకు, కోటయ్య మామకు, పాస్టరు గారికి, పాస్టరమ్మగారికి నా వందనాలు చెప్పు. ప్రసాదుకు ముద్దులు, చెప్పిన తన్నులు కూడా. నాకోసం ప్రార్థన చేస్తూ ఉండు, నీ దీవెనే నాకు ఇక్కడ నీడ.

ఒక్కటి మాత్రం నేను ఎప్పటికీ మర్చిపోలేను అమ్మా. నాన్న పోయేటప్పుడు నువ్వు పక్కన లేవు, నేను లేను, తమ్ముడు లేడు. కళ్ళు కనపడక, నోరెండిపోయి ఆయన పేరు పెట్టి పిలిచింది పిన్నిని. ఆవిడ పలికింది. ఆయన తల పట్టుకుని నీళ్ళు తాగించింది. మా నాన్న దాహంతో పోలేదు.

ఇట్లు,
నీ కూతురు
సుగుణ